అక్క కార్డు మీద ఫోటో

గోదావరిఖని
12 ఆగస్టు 1973

అన్నకు, నీ చెల్లె సారక్క దండాలు. వదినకు కూడా. పూలకు రెండు బుగ్గల మీద రెండు ముద్దులు, మరిచిపోకుండా ఇవ్వు.

ముందు అసలు ముచ్చట చెప్తాను. లేకపోతే నువ్వు నిమ్మళంగా చదివేలోగా వదిన కాగితం గుంజుకుంటుంది. నాకు మూడో నెల. పోయిన ఏడు రెండో నెలలోనే పోయింది కదా, ఆ భయంతో ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. మొగిలికి కూడా మొన్ననే చెప్పాను. నీ బావ సంగతి నీకు తెలిసిందే, సంతోషమైనా దుఃఖమైనా నోరు తెరవడు. లేచి బయటికి పోయి నాలుగు జామపండ్లు తెచ్చి నా ముందు పెట్టాడు. నాలుగూ నేనే తిన్నాను.

ఆయన ఇంకా బదిలీ కూలీయే. పర్మినెంటు వాళ్ళు డ్యూటీకి రాని రోజు, వాళ్ళ బదులు బొగ్గు బాయిలోకి దిగుతాడు. క్వార్టర్ వాళ్ళ అన్న కొమురెల్లి పేరు మీద ఉంది కాబట్టి రెండు గదుల్లో మేమందరం సర్దుకుంటున్నాం. పెద్ద బావ మంచివాడే. కనకవ్వక్క నాకు తోటికోడలని ఎవరూ అనరు, సొంత అక్క అనే అనుకుంటారు. మనల్ని కన్న అవ్వ పోయినప్పటి నుంచి నా తల దువ్వేది ఆమే. మూడు నెలల నుంచి ఆమెకు దగ్గు తగ్గడం లేదు. బొగ్గు పొయ్యి పొగ అంటుంది.

ఇంకో ముచ్చట. పోయిన వారం కాలనీకి ఎక్స్‌రే బండి వచ్చింది. క్షయ ఉందో లేదో చూస్తామని, పేర్లున్న కార్డులు ఇచ్చి, ఆడవాళ్ళనందరినీ వరుసలో నిలబెట్టి రొమ్ము ఫోటో తీశారు. నేనూ నిలబడ్డాను. లోపలున్న ఆయన అచ్చం నీలాగే ‘ఊపిరి పట్టు, ఇడువు’ అంటుంటే నవ్వు ఆగలేదు. మా అన్న కూడా ఇదే పని చేస్తాడని చెప్పాలనిపించింది, కానీ వెనక ఉన్నవాళ్ళు తోస్తున్నారు.

జాబు ఎప్పటిలాగే బాయి టైం ఆఫీసు చిరునామాకే రాయి. క్వార్టర్లకు పోస్టు సరిగా రాదు.

నీ
సారక్క


వరంగల్
19 ఆగస్టు 1973

చెల్లె సారక్కకు, అన్న ముత్యం దీవెనలు.

నీ జాబు సగం దాకా చదివి వదినను పిలిచాను. మిగతా సగం ఆమె చదువుతుంటే విని, చేతిలోంచి తిరిగి గుంజుకున్నాను. మూడో నెలలో ఎక్స్‌రే ముందు నిలబడ్డావా? నీకు బుద్ధి లేదా? బండిలో ఉన్నవాడు అడగలేదా?

మా నర్సింగ్ హోంలో ఈ ఏడాది కొత్తగా ఆండాళమ్మ గారని డాక్టరమ్మ వచ్చింది. విదేశంలో చదివి వచ్చిన మనిషి. వచ్చిన వారానికే మా ఎక్స్‌రే గది తలుపు మీద బోర్డు రాయించింది, కడుపుతో ఉన్నవాళ్ళు ముందే చెప్పాలని. తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో ఫిల్ములు కడుగుతున్నాను, అంతకుముందు నాకు ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. మొదటి మూడు నెలల్లో బిడ్డకు అవయవాలు కట్టుకుంటాయట. ఆ కిరణం అప్పుడు తగలకూడదట.

ఎన్నిసార్లు తీశారు? ఒక్కటేనా, రెండా? ఏ తారీకున? చిన్న ఫిల్మా, పెద్ద ఫిల్మా? అన్నీ రాయి. ఇంకెవరు పిలిచినా పోవద్దు. మొగిలి బావ నిన్ను ఎట్లా పోనిచ్చాడో నాకు అర్థం కావడం లేదు. ఆయనకు ఆ మాత్రం తెలియదా?

కనకవ్వ గారి దగ్గు సంగతి ఆ ఫోటోలోనే తెలుస్తుంది. ఏం చెప్పారో రాయి.

ముత్యం


గోదావరిఖని
27 ఆగస్టు 1973

అన్నా,

నీ దీవెన ఒక లైను, తిట్టు రెండు పేజీలు. కడుపుతో ఉన్న చెల్లెకు ఇట్లా రాస్తారా ఎవరైనా?

ఒక్కసారే తీశారు. చిన్న ఫిల్మే. ఆగస్టు నాలుగో తారీకు, శనివారం. ఇంకేం కావాలి? నీ బావను ఎందుకు అంటావు, ఆయన ఆ రోజు మొదటి షిఫ్టులో బాయిలో ఉన్నాడు. నాకప్పటికి నెల తప్పిందని నాకు తప్ప ఎవరికీ తెలియదు. బండిలో ఉన్నాయన్ని అనడానికీ లేదు.

అయినా ఒకటి అడుగుతాను, కోపం చేసుకోకు. పూల కడుపులో ఉన్నప్పుడు వదినకు ఫోటో తీసింది ఎవరు? ఒకటి కాదు, రెండు. ‘పిల్ల ఎముకలు చూడు, ఎన్నుపూస చూడు’ అని ఆ ఫిల్ము కిటికీకి ఆనించి వచ్చినవాళ్ళందరికీ చూపించావు. నాకూ చూపించావు. అప్పుడు అది వింత, ఇప్పుడు నేను నిలబడితే పాపమా? పూల బంగారంలా ఉంది. నా బిడ్డకూ ఏం కాదు.

నీ జాబు మొగిలికి చదివి వినిపించేటప్పుడు ఆ లైన్లన్నీ దాటేశాను. ఆయన నా మొఖం చూసి అన్నాడు, “గంత పెద్ద జాబు, రెండు ముక్కలల్ల అయిపోయిందా?” నువ్వు అక్షరాలు పెద్దగా రాస్తావని చెప్పాను.

కనకవ్వక్క చిన్న ఫిల్ము మసకగా వచ్చిందట. మళ్ళీ పెద్ద ఫోటో తీస్తామని కాలనీ దవాఖాన నుంచి చీటీ వచ్చింది. నువ్వు ఫికరు పెట్టుకోకు.

సారక్క


వరంగల్
6 సెప్టెంబరు 1973

చెల్లె,

నువ్వు అడిగినదానికి జవాబు చెప్పకపోతే నేను మనిషిని కాను. అవును, నేనే తీశాను. రెండు తీశాను. ఎవరూ తీయమనలేదు. ఎనిమిదో నెలలో ఒకటి, అందులో చెయ్యి సరిగా కనబడలేదని తొమ్మిదో నెలలో ఇంకొకటి. గదిలో ఎవరూ లేనప్పుడు మీ వదినను నేనే బల్ల మీద పడుకోబెట్టాను. నా బిడ్డను అందరికంటే ముందు చూశానని గొప్పగా ఉండేది.

ఆ సంగతి ఆండాళమ్మ గారితో అన్నాను, ఆమె మెచ్చుకుంటుందనుకున్నాను. చేతిలో పని పక్కన పెట్టి నన్ను కూర్చోమంది. తర్వాత చెప్పింది. కడుపులో ఉండగా ఫోటో తీసిన పిల్లల్లో, కొందరికి నాలుగైదేళ్ళకు నెత్తురు క్యాన్సరు జబ్బు వస్తుందని ఆమె చదివిన దేశంలో డాక్టర్లు లెక్కలు తీశారట. వేలల్లో ఏ ఒక్కరికో అని కూడా చెప్పింది. కానీ తండ్రికి వేలు ఎక్కడ కనబడతాయి? పూలకు ఇప్పుడు నాలుగేళ్ళు. దానికి ఒళ్ళు వెచ్చబడితే చాలు, నెత్తురు తగ్గిందేమోనని కనురెప్ప కిందికి లాగి చూస్తున్నాను. మీ వదినకు చెప్పలేదు. నీకే చెప్తున్నాను.

అందుకే నీ మీద అరిచాను. మొదటి నెలల్లో కిరణం ఎక్కువగా తగిలితే బిడ్డ కాళ్ళూ చేతులూ సరిగా రాకపోవచ్చు, తల చిన్నగా ఉండిపోవచ్చు, బతకకపోవచ్చు కూడా. నీకు అట్లా అవుతుందని కాదు. ఒక్క చిన్న ఫిల్ముకు అంత ఉండదనే నా నమ్మకం. డాక్టరమ్మను అడిగి రాస్తాను. ఈలోపు ఇంకొకసారి ఆ మిషను దగ్గరికి పోయావంటే నా మీద ఒట్టు.

ముత్యం


గోదావరిఖని
18 సెప్టెంబరు 1973

అన్నా,

నీ జాబు నా చేతికి రాకముందే నా కొంప ముంచింది.

ఆ రోజు మొగిలి టైం ఆఫీసులో జాబు తీసుకుని ఇంటికి తేలేదు. అక్కడ మంథని సదాశివ గారని క్లర్కు ఉన్నాడు, చదువురాని వాళ్ళందరికీ జాబులు చదివి పెడతాడు. పోయినసారి నేను లైన్లు దాటేసినట్టు ఆయనకు అనుమానం కదా, అందుకే కవరు చింపి చదివించుకున్నాడు. సదాశివ గారు పాపం ఉన్నది ఉన్నట్టు చదివాడు. కాళ్ళు, చేతులు, తల, అన్నీ. షిఫ్టుకు పోయేవాళ్ళు చుట్టూ నిలబడి విన్నారట.

ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పలేదు. నేను ఎన్నడూ వినని మాట విన్నాను ఆయన నోట. “తీపిచ్చేద్దాం సారక్కా.” నాకు అర్థం కాక ఏం తీపియ్యాలె అని అడిగాను.

వాళ్ళ తమ్ముడు రాజం సంగతి నీకు చెప్పానో లేదో. పుట్టినప్పటి నుంచే కాళ్ళల్లో బలం లేదు. పదకొండేళ్ళు బతికాడు. బడికి, జాతరకు, చెరువు కాడికి, ఎక్కడికైనా మొగిలే వీపు మీద మోసుకుపోయేవాడు. చనిపోయిన రోజు కూడా ఆయనే మోశాడు. “మా అవ్వ పడ్డ గోస నువ్వు పడద్దు. నేను ఇంకోసారి సూడలేను” అని గోడ దిక్కు తిరిగి కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు అన్నా. నాలుగేళ్ళలో ఆయన ఏడవగా నేను చూడలేదు.

ఇప్పుడు చట్టం వచ్చిందట, దవాఖానలోనే కడుపు తీస్తారట, ఐదు నెలల లోపల అయితే చాలట. ఇవన్నీ టైం ఆఫీసులోనే చెప్పి పంపారు. అక్టోబరు పదో తారీకున కరీంనగర్ పోదామని అన్నాడు. ఇంకా మూడు వారాలు ఉన్నాయి.

నాకు మొన్ననే లోపల కదిలినట్టు అనిపించింది. కడుపులో వాయువేమో అనుకున్నాను. కాదు. మళ్ళీ కదిలింది.

ఇక నుంచి జాబు టైం ఆఫీసుకు వద్దు, నా పేరున క్వార్టరుకే రాయి. నువ్వు రాసిన భయానికి నువ్వే మందు రాయాలి. ఏం కాదని డాక్టరమ్మ చేత చెప్పించు. జల్ది.

సారక్క


వరంగల్
24 సెప్టెంబరు 1973

సారక్కా,

ఇవాళ నీకు దీవెనలు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న మీ పెద్ద బావ కొమురెల్లి గారు యూనియన్ మీటింగుకు వరంగల్ వచ్చాడు. మీటింగు అయిపోగానే వెతుక్కుంటూ మా నర్సింగ్ హోంకు వచ్చాడు. చంకలో ఫిల్ము కవరు. “నీకు ఫోటోలు సూసుడు ఎర్కనే గద ముత్యం. డాక్టర్లు ఏం లేదంటున్నరు. మా ఇంటిది దగ్గుతనే ఉన్నది, నిరుడు చీర ఇప్పుడు ఆమె మీద నిలుస్తలేదు. జర నువ్వు సూడు” అన్నాడు. పెద్ద ఫిల్ము. కింద కనకవ్వ అని పేరు, కార్డు నంబరు. తారీకు సెప్టెంబరు పది.

లైటు పెట్టె మీద పెట్టాను. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు ఎడమ బొమిక మీద కన్ను పడింది. మెడ కింద, భుజానికి పోయే ఎముక మీద ఒక ముడి. ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కున్న ముడి.

నీకు ఎనిమిదేళ్ళప్పుడు కమాన్‌పూర్‌లో మన ఎడ్లబండి మీది నుంచి పడ్డావు. కట్టు కట్టినవాడు సరిగా కట్టలేదు. నిన్ను ఎత్తుకుని వాడి దగ్గరికి తీసుకుపోయింది నేను. ఆ ఎముక నాకు చూపించి, ఎవరిది అని అడగనక్కర లేదు.

కొమురెల్లి గారు నా మొఖం చూస్తూ నిలబడ్డాడు. డాక్టరమ్మకు చూపించి రాస్తానని చెప్పి, ఫిల్ము నా దగ్గర ఉంచుకుని, చాయ్ తాగించి పంపించాను. ఆ మనిషి నాకు దండం పెట్టి పోయాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

సెప్టెంబరు పది. నా మీద ఒట్టు పెట్టిన జాబు ఆరో తారీకుది. నీకు ఎప్పుడు అందింది? అందాక పోయావా, అందకముందా? మొత్తం ఎన్ని? నిజం చెప్పకపోతే డాక్టరమ్మ ఏం చెప్పగలదు? నీ బిడ్డ ఉండాలో పోవాలో తేల్చే లెక్క ఇది. అందులో కూడా అబద్ధమేనా?

ముత్యం


గోదావరిఖని
1 అక్టోబరు 1973

అన్నా,

మూడు. రాశాను. ఇంక నన్ను కొట్టినా తిట్టినా అదే లెక్క.

ఆ శనివారం వరుసలో నా వెనక అక్క నిలబడి ఉంది. తన కార్డు నా చేతిలో కుక్కింది. నాలుగు రోజుల కిందటి నుంచి దగ్గులో నెత్తురు పడుతోందని అప్పుడే నా చెవిలో చెప్పింది. మా లైనులో పోయిన ఏడు ఒకామెను క్షయ అని దవాఖానకు పంపారు. ఆమె తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఇంకొకామె ఉంది. ఆమె పిల్లల్ని నల్లా దగ్గర బిందె పెట్టనివ్వలేదు ఎవరూ. అక్కకు ఇద్దరు ఆడపిల్లలు. “సారక్కా, నా బదులు నువ్వు నిలవడవే. గాళ్ళకు మన మొఖాలు ఎర్కనా? మొగోళ్ళు బాయిల బదిలీ దిగుతలేరా?” అంది. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. ఈ ఊళ్ళో ఒకరి బదులు ఒకరు పోవడం రోజూ ఉన్నదే కదా. నా కార్డు మీద ఫోటో తీయించుకుని, కొంగు మార్చి కప్పుకుని, మళ్ళీ వరుస చివర నిలబడ్డాను. రెండోసారి నవ్వి ఊపిరి వదిలాను. అందుకే అది మసకగా వచ్చింది.

మసకగా వచ్చిందని పెద్ద ఫోటోకు పిలిచారు. ఇప్పుడు అక్క పోతే నిజం బయటపడుతుంది, అంత దగ్గుకు ఆ చిన్న ఫిల్ములో ఏమీ ఎందుకు లేదని అడుగుతారు. నీ మొదటి జాబు అప్పటికే నా పెట్టెలో ఉంది. ఒట్టు పెట్టిన జాబు తర్వాత వచ్చింది, కానీ అది ముందు వచ్చినా పోయేదాన్నే అనుకుంటాను. కడుపు మీద తువ్వాల నాలుగు మడతలు పెట్టుకుని పోయాను. దానితో ఆగుతుందనుకున్నాను. నువ్వు నవ్వుతావు.

కడుపుతో ఉన్నప్పుడు అది చెడ్డదని అక్కకు తెలియదు. నేను చెప్పలేదు. చెప్తే పోనిచ్చేది కాదు.

డాక్టరమ్మకు ఒక్కదానికే చెప్పు. పెద్ద బావకు చెప్పావంటే అక్క బతకదు. పదో తారీకు ఇంకా తొమ్మిది రోజులే. మొగిలి ఆ రోజుకు డ్యూటీ నాగా అడిగి పెట్టుకున్నాడు.

సారక్క


వరంగల్
5 అక్టోబరు 1973

చెల్లె,

దీనితో పాటు ఆండాళమ్మ గారు తన చేత్తో రాసి, సంతకం పెట్టిన కాగితం ఉంది. అది మొగిలి బావకు. సదాశివ గారి చేతనే చదివించుకోమను. మళ్ళీ నువ్వు చదివితే ఆయన నమ్మడు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. తీసిన మూడూ రొమ్ము ఫోటోలు. కిరణం పడేది రొమ్ము మీద, కడుపు దాకా చేరేది చాలా తక్కువ. మూడు కలిపినా, నేను మీ వదినకు తీసినదానిలో ఒక్కదానికి సరిపోవు. “ఈ మాత్రానికి గర్భం తీయించుకుంటారా? తీయమన్న డాక్టరు ఎవరో నాకు చూపించు” అని నా మీదే లేచింది. అవసరం లేకుండా ఒక్కటి తీసినా ఎక్కువేనట, అవసరం ఉన్నప్పుడు భయపడి మానుకోవడం అంతకంటే తప్పట. నేను సగం తెలుసుకుని మీ ఇంటి మీద పారేశాను. ఆ తప్పు నాది. మొగిలి బావను క్షమించమని అడుగుతున్నాను.

ఆ తర్వాత ఆమె కనకవ్వ గారి గురించి అడిగింది. నెత్తురు పడుతోందని చెప్పాను. “వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా? ఒకే గదిలో పడుకుంటారా?” అని అడిగింది. అవునన్నాను. “మిషను గురించి ఇన్ని జాబులు రాసుకున్నారు. ఆ దగ్గు గురించి ఎవరైనా ఒక్కటి రాశారా?” అంది.

చెల్లె, అక్కకు నువ్వే చెప్పాలి. నీ బిడ్డకు భయం ఉన్నది అక్కడ. ఆమె పిల్లలకూ, ఆమెకూ. శుభ్రంగా ఉన్నాయని కాగితం ఇచ్చిన ఊపిరితిత్తులు నీవి, ఆమెవి కావు.

ముత్యం


గోదావరిఖని
14 అక్టోబరు 1973

అన్నా,

నేను చెప్పలేదు. ఆ కాగితం వచ్చాక కూడా రెండు రోజులు నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని తిరిగాను. పదో తారీకు పొద్దున వచ్చేసింది.

నేను ఇచ్చిన కాగితం మొగిలి ఇంకా చదివించుకోలేదనుకున్నాను, కానీ ఇచ్చిన రోజే సదాశివ గారి చేత మూడుసార్లు చదివించుకున్నాడట. సంతకం డాక్టరమ్మదేనా, ఆడమనిషి రాతేనా అని కూడా అడిగాడట. ఇంటికి వచ్చి ఏమీ చెప్పలేదు. కాగితంలో మూడు ఫోటోలని ఉంది కదా, ‘నాకు తెలిసింది ఒక్కటే, ఈమె ఏదో దాస్తోంది’ అని లోపల లోపల కుమిలిపోయాడు. ఆయనకు చెప్పకుండా నేను, నాకు చెప్పకుండా ఆయన. పది పొద్దున అంగీ వేసుకుని బయల్దేరమన్నాడు.

అక్క మాకు దారిలో తినడానికి రొట్టెలు కడుతోంది. ఎటు పోతున్నారని అడిగింది. మొగిలి నా వైపు చూస్తూ అన్నాడు, “ఈమెకు మూడు ఫోటోలు తీసిండ్రట వదినె. ఎందుకు తీసిండ్రో నాకు ఎవలు చెప్తలేరు. డాక్టరమ్మ ఏం కాదంటున్నది, మా బామ్మర్ది ముందు అయితదన్నడు. నాకు నమ్మకం కుదురుతలేదు. పోయి తీపిచ్చుకస్త.”

అక్క రొట్టెలు కట్టడం ఆపింది. “ఫోటో తీస్తే కడుపుల పిల్లకు చెడ్డనా?” అని నన్ను అడిగింది. నేను తల వంచుకున్నాను. “నీకు ఎర్కనా? నాకోసం పోయిననాడు నీకు ఎర్కనా?” అని మళ్ళీ అడిగింది. అన్నా, ఆ అడగడం నేను తట్టుకోలేకపోయాను. తిట్టినా బాగుండేది.

పెద్ద బావ రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. ఆమె ఆయన ముందుకు పోయి నిలబడి అంతా తానే చెప్పింది. నెత్తురు సంగతి, కార్డు సంగతి, నేను రెండుసార్లు నిలబడిన సంగతి. “దాని తప్పు లేదు. దాన్ని బతిమాలింది నేను. ఓ మొగిలీ, గా పిల్లను ముట్టుకున్నవంటే నేను బాయిల దుంకుత” అంది. చెప్పులు వేసుకుని, కార్డు తీసుకుని ఒక్కతే దవాఖానకు నడిచింది. ఎవరం కదలలేదు. కొంతసేపటికి పెద్ద బావ లేచి వెనకాల పోయాడు.

మొగిలి అంగీ విప్పి కొయ్యకు తగిలించాడు. ఇక కరీంనగర్ మాట ఎత్తలేదు.

అక్కకు ఊపిరితిత్తుల్లో రెండు దిక్కులా క్షయ ఉందట. మంచిర్యాల అవతల క్షయ దవాఖానకు పంపారు, ఏడాది ఉండాలన్నారు. పెద్ద బావ నాతో మాట్లాడడం లేదు. ఆ రోజు నుంచి నా చేతి అన్నం తినడం లేదు, పిల్లల చేత పెట్టించుకుంటున్నాడు.

అన్నా, ఒకటి అడుగుతాను. నువ్వు ఫిల్ములు చూసేవాడివి. ఆగస్టులో ఆమే నిలబడి ఉంటే ఇంత ముదిరేదా? నన్ను ఊరడించడానికి రాయకు.

సారక్క


వరంగల్
3 నవంబరు 1973

చెల్లె,

నీ ప్రశ్నకు జవాబు రాయలేక ఇన్ని రోజులు ఆలస్యం చేశాను. కొమురెల్లి గారు అక్క అసలు ఫిల్ము పట్టుకుని పోయిన వారం వచ్చాడు. ఈసారి పేరు, ఎముకలు రెండూ ఆమెవే. నన్ను ఒక్క మాట అనలేదు. ఆండాళమ్మ గారు చూసింది. కుడి దిక్కు పైన గుంట పడింది. ఆగస్టులో పట్టుకుని ఉంటే సూదులు, గోలీలతో ఇంటి దగ్గరే నయమయ్యేదేమో అంది. ఇప్పుడు బతుకుతుంది, కానీ ఆ ఊపిరితిత్తి పూర్తిగా పని చేయదట. బరువులు ఎత్తకూడదు. బొగ్గు పొయ్యి దగ్గర కూర్చోకూడదు.

ఊరడించవద్దన్నావు కాబట్టి ఉన్నది రాశాను. నీది ఎంత తప్పో నాది అంతే. నా చెల్లె ఎముకను గుర్తుపట్టిన రోజునే కొమురెల్లి గారికి నిజం చెప్పి ఉంటే పదిహేను రోజులైనా కలిసి వచ్చేవి.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. అవ్వ లేకపోయినా నేనూ వదినా ఉన్నాం, వచ్చెయ్యి. ఎవరూ ఫోటో తీయరు. డాక్టరమ్మ కడుపు మీద గొట్టం ఆనించి గుండె చప్పుడు వింటుంది, అంతే. ఆమె చదువుకున్న దేశంలో ఇప్పుడు చప్పుడుతోనే బిడ్డను చూసే మిషను వచ్చిందట. చెవికి వినబడని చప్పుడు లోపలికి పంపితే తిరిగి వచ్చి బొమ్మ కడుతుందట. కిరణమే ఉండదట. అయితే ఎన్నిసార్లయినా చూడొచ్చా అని అడిగాను. “ఎక్స్‌రే వచ్చిన కొత్తలో కూడా అందరూ అదే అడిగారు ముత్యం” అని తన పనిలో పడింది.

ముత్యం


గోదావరిఖని
16 డిసెంబరు 1973

అన్నా,

నేను రాను. నేను వస్తే అక్క పిల్లలకు వండిపెట్టేది ఎవరు? ఇక్కడే కాలనీ దవాఖానలో కంటాను. వదినకు నచ్చజెప్పు.

చప్పుడు మిషను సంగతి మొగిలికి చదివి వినిపించాను. ఒక్క లైను కూడా దాటలేదు. “మనకద్దు” అన్నాడు. అంతే.

బిడ్డ బాగా తంతోంది. అయినా తన్నినప్పుడల్లా రెండు కాళ్ళతోనా, ఒక్క కాలితోనా అని లెక్క పెడుతున్నాను. డాక్టరమ్మ కాగితం పెట్టెలోనే ఉంది, తీసి చదువుతాను, మళ్ళీ భయపడతాను. నువ్వు పూల కనురెప్ప లాగి చూస్తావని రాశావు కదా. అప్పుడు నీకు పిచ్చి అనుకున్నాను.

సారక్క


గోదావరిఖని
14 ఏప్రిల్ 1974

అన్నకు, వదినకు, సారక్క దండాలు.

ఆడపిల్ల పుట్టిందని మొగిలి వేయించిన తంతి అందింది కదా. పురుటి గదిలోంచి తెచ్చి చేతిలో పెట్టగానే ఆయన పిల్ల మొఖం చూడలేదు. గుడ్డ విప్పి రెండు కాళ్ళు పట్టి మెల్లగా చాపాడు. అది ముడుచుకుంది. మళ్ళీ చాపాడు, మళ్ళీ ముడుచుకుంది. “బలం ఉన్నది” అన్నాడు. ఆ మాట ఒక్కటి అని అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు. నేను కూడా తల నుంచి మడమల దాకా తడిమి తడిమి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. ఆ మూడు ఫోటోల దెబ్బ నా బిడ్డకు తగలలేదు. అది తగిలింది అక్కకు.

నిన్న అక్కను చూడబోయాం. పెద్ద బావే వచ్చి, “నడువుండ్రి, పిల్లను సూపెట్టుకద్దం” అన్నాడు. ఆరు నెలల తర్వాత నా ముందు అన్న మొదటి మాట. దారంతా మళ్ళీ మాట్లాడలేదు, కానీ బస్సులో ఎండ పడుతుంటే తన తువ్వాల పిల్ల మీద కప్పాడు.

అక్కను గుర్తుపట్టలేకపోయాను. మందులతో దగ్గు తగ్గిందట, కానీ భుజాల మీద మాంసమే లేదు. వరండాలో నిలబడి ఉంది. నేను గేటు దాటి నాలుగు అడుగులు వేయగానే చెయ్యి అడ్డం పెట్టి అరిచింది, “గాడనే ఆగు. ఇంక దగ్గరికి తేకు.” అరిచినందుకు ఆయాసం వచ్చి స్తంభం పట్టుకుంది.

ఆగాను. ఎండలో, మధ్యన ఒక ముంగిలి అంత దూరం. “గుడ్డ ఇప్పు. కాళ్ళు సూపెట్టు” అంది. విప్పాను. పిల్లను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. “చేతులు.” చూపించాను. “ఇటు తిప్పు, వీపు సూడాలె.” తిప్పాను. అది ఏడుపు మొదలుపెట్టింది. అక్క ఆ ఏడుపు వింటూ చాలాసేపు చూసింది, ఎక్కడైనా ఏదైనా ఉందేమో అని వెతుకుతున్నట్టు. నాకు చేతులు నొప్పి పుట్టాయి, దించలేదు.

“మంచిగున్నది. ఇగ నాకు ఫికర్ లేదు. తీస్కపోండ్రి, ఎండ కొడుతున్నది” అని లోపలికి పోయింది. నడుస్తూ రెండుసార్లు ఆగింది. పెద్ద బావ ఆమె తలుపు దాటేదాకా చూసి, నా చేతుల్లోంచి పిల్లను అందుకున్నాడు.

ఆమెకు ఫికరు లేదట అన్నా. ఆమె ఊపిరి కోసం వరండాలో ఆగిన ఆ రెండుసార్లూ నేను లెక్కపెట్టుకున్నాను.

నీ
సారక్క